సుమలత సంచుల్లో లేని రాష్ట్రం

జనగామలో ఏ బడిలో ఏ పండుగ చేయాలన్నా ముందు కబురు వెళ్లేది సుమలతకు. హెడ్మాస్టరు సంతకం తర్వాతైనా పెట్టుకోవచ్చు, సుమలత దొరక్కపోతే మాత్రం ప్రోగ్రాం లేనట్టే. స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే రెండో సందులో, మేడ మీద ఆమె గది. గుమ్మం మీద "అన్ని రకాల డ్రెస్సులు కిరాయికి ఇవ్వబడును" అని బోర్డు ఉంటుంది. ఆ "అన్ని రకాల" అన్న ముక్క దగ్గర నాకూ ఆమెకూ ఎనిమిదేళ్లుగా చిన్న తగువు నడుస్తోంది.

నా పేరు సరోజ. ఆ ఊళ్లోనే ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. జెండా పండుగ దగ్గరపడితే స్టాఫంతా నా వైపే చూస్తారు. నాకు ఆటా రాదు, పాటా రాదు. అడిగితే కాదనలేకపోవడం ఒక్కటే వచ్చు.

సుమలత పుట్టింది భూపాలపల్లి వైపు మొగుళ్లపల్లిలో. పదో తరగతి తర్వాత చదువు ఆపి మిషన్ కుట్టడం నేర్చుకుంది. పెళ్లయి జనగామ వచ్చింది. భర్త కుమార్ ఆటో నడుపుతాడు. కూతురు ప్రసూన ఒకటో తరగతిలో ఉన్నప్పుడు బళ్లో భరతమాత వేషం వెయ్యమన్నారట. కిరాయికి తెచ్చే దుకాణం ఊళ్లో లేదు. సుమలత తన పెళ్లినాటి జాకెట్టు విప్పదీసి పిల్లకు కుట్టింది, అట్టముక్కకు బంగారు కాగితం అంటించి కిరీటం చేసింది. మరుసటేడు ఇద్దరు తల్లులు అడిగారు. ఆ పైయేడు ముగ్గురు హెడ్మాస్టర్లు అడిగారు. ఇప్పుడు ప్రసూన హనుమకొండలో నర్సు, ఇంట్లో మాత్రం పదకొండు ఇనుప పెట్టెల నిండా దేశనాయకులు, దేవుళ్లు, కూరగాయలు. ఒక పెట్టెలో రాష్ట్రాలు.

రాష్ట్రాల పెట్టె సంగతి చెప్పుకోవాలి. రాష్ట్రానికొక గుడ్డసంచి, సంచి మీద స్కెచ్ పెన్నుతో పేరు. కేరళకు జరీ అంచు తెల్లచీర, పంజాబ్‌కు ఎర్రటి తలపాగా, రాజస్థాన్‌కు అద్దాల గాగ్రా. అక్కడిదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత సుమలత సొంత తెలివి మొదలవుతుంది. కాశ్మీర్ సంచిలోది లేసు కుట్టిన పాత నైటీ. అస్సాం అని ఎర్రంచు తువ్వాలు రెండు ముక్కలు చేసింది. మణిపూర్ అయితే అడక్కండి, అది దీపావళికి కొన్న సోఫా కవరు.

"గిదేం అన్యాయమే సుమలతా, కాశ్మీరోళ్లు చూస్తే ఏమనుకుంటరు?" అని ఒకసారి అన్నాను.

"కాశ్మీరోళ్లు జనగామకు ఎందుకొస్తరు టీచర్? వచ్చిననాడు అడిగి మంచిగ కుడ్త," అంది. చెప్పొద్దూ, ఆ సోఫా కవరు వేసుకున్న పిల్లకే ఆ ఏడు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది.

మా బళ్లో మొత్తం పిల్లలు నలభై ముగ్గురు. అందులో పదకొండు మంది బిహార్ పిల్లలు. ఊరి చివర రైస్‌మిల్లులో వాళ్ల నాన్నలు హమాలీ పని చేస్తారు, అమ్మలు ఊడ్చే పనీ చెరిగే పనీ చేస్తారు. నాలుగేళ్ల కింద పిల్లల సంఖ్య తగ్గి బడి మూతపడేలా ఉంటే, మేమే మిల్లు వెనకాల గదులకు వెళ్లి, చేతులు పట్టుకుని బతిమాలి ఆ పిల్లల్ని చేర్పించుకున్నాం. వాళ్లు మాకు ఉపకారం చేశారు. ఆ సంగతి జనవరి వచ్చేసరికి మేం మరిచిపోయాం.

ఆ పదకొండు మందిలో పెద్దది జూలీ కుమారి, ఐదో తరగతి. రెండేళ్ల పిల్లప్పుడే ఈ ఊరికి వచ్చింది. మా పిల్లల కంటే చక్కగా జనగామ మాట మాట్లాడుతుంది, కోపమొస్తే ఆ మాటలోనే తిడుతుంది. మొన్న డిసెంబరులో క్రిస్మస్ చేసినప్పుడు, జూలీ అని పేరుంది కాబట్టి క్రిస్టియన్ల పిల్లే అనుకుని దానికి మరియమ్మ వేషం ఇచ్చాను. పిల్ల కిమ్మనకుండా వేసింది. వాళ్లమ్మ రీతాదేవి నుదుటి మీద పాపిట పొడుగునా సింధూరంతో వచ్చి ముందువరసలో కూర్చుని చప్పట్లు కొట్టేదాకా నా తప్పు నాకు తెలియలేదు. బిహార్‌లో జూలీ అనేది ఇంటింటి పేరట. ఆ రోజు అందరం నవ్వుకున్నాం, వాళ్లూ నవ్వారు.

ఈసారి జనవరి ఇరవయ్యారుకు హెడ్మాస్టరు "భిన్నత్వంలో ఏకత్వం" అన్నారు. పిల్లలు తలా ఒక రాష్ట్రమై స్టేజీ మీదకొచ్చి రెండు వాక్యాలు చెప్పాలి. తెలంగాణ శాంతికి ఇచ్చాను. తమిళనాడు హర్షవర్ధన్‌కు. జూలీ పేరు దగ్గరికి రాగానే ఆలోచించే పనే లేదనిపించింది, బిహార్ అని రాశాను. ఎవరి రాష్ట్రం వాళ్లకే ఇచ్చానని నా వీపు నేనే తట్టుకున్నాను కూడా. లిస్టు సుమలతకు ఇస్తే ఆమె బిహార్ దగ్గర వేలు పెట్టి ఆగింది.

"గిది నా తాన లేదు టీచర్. ఇంతవరకు ఎవ్వరడగలే."

"ఎట్ల మరి?"

"నాలుగు రోజులియ్యి. కాశ్మీరోళ్లను నేను చూడలే గని బిహారోళ్లను రోజూ చూస్త గద."

శనివారం నాడు సంచులన్నీ ఆటోలో వేయించుకుని బడికి వచ్చింది. వరండాలో పిల్లలందరికీ వేసి చూసింది. జూలీ వంతు రాగానే సుమలత ముఖంలో ఒక వెలుగు. మోకాళ్ల పైకి కట్టే గళ్ల లుంగీ, చిరుగులు కుట్టిన బనియన్, తలకు చుట్టే తువ్వాలు, భుజం మీద పెట్టుకోవడానికి కాగితాలు కూరిన చిన్న గోనెబస్తా. బస్తా మీద బియ్యం రకం పేరు కూడా రాసింది. బనియన్‌కు తవుడు రంగు వచ్చేలా టీనీళ్లలో ముంచి ఆరేసిందట. మిల్లు దగ్గర నిలబడి చూసి చూసి, ఉన్నది ఉన్నట్టు చేసింది పాపం. ఆ పెట్టెలో ఉన్నవాటిలో అబద్ధం కానిది అదొక్కటే.

జూలీ వేసుకుని వరండా చివరికి వచ్చింది. ముందు నవ్వింది హర్షవర్ధన్.

"ఏయ్ హమాలీ! లారీ వచ్చింది, బస్తా దించు!"

వరండా అంతా గొల్లుమంది. మిగతా బిహార్ పిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, ఇప్పుడు దాచి ఏం లాభం? జూలీ కూడా ఒక నవ్వు నవ్వి, బస్తా కింద పెట్టి, బట్టలు మార్చుకుంటానని లోపలికి పోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

సోమవారం సాయంత్రం బడి విడిచాక నేను రిజిస్టర్లు సర్దుకుంటున్నాను. కొలతలు తీసుకోవడానికి వచ్చిన సుమలత నా క్లాసులోకి వచ్చి, పిల్లలు కూర్చునే చిన్న బల్ల మీద కూలబడింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైందే? కుమారన్నతోని లొల్లా?"

"కాదు టీచర్. నేనొక పాపం చేసిన."

జూలీ వాళ్ల నాన్న రోజూ బడి గేటు దగ్గరికి వస్తాడు. పని మధ్యలో పావుగంట అడిగి వచ్చి, జూలీనీ దాని తమ్ముణ్నీ ఇంటికి చేర్చి పోతాడు. ఆ రోజూ వచ్చాడు. గళ్ల లుంగీ, బనియన్, తలకు తువ్వాలు, కనుబొమ్మల మీద తవుడు దుమ్ము. సుమలత అప్పుడే గేటులోంచి వస్తోంది. హర్షవర్ధన్ ఎగతాళిగా అడిగాడట, "ఏయ్ జూలీ, గాయిన మీ నాయినేనా?" అని.

"కాదు," అందట జూలీ. "గాయిన మిల్లుల పనిచేస్తడు."

అని తలెత్తకుండా ముందుకు నడిచిపోయిందట. ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి, తెలుగు అర్థం కాకపోవడమేముంది? పిల్లను పిలవలేదట. చిన్నవాడి చెయ్యి పట్టుకుని, జూలీకి ఒక పది గజాలు వెనకాల నడుచుకుంటూ పోయాడట.

"మొన్నటిదాక గా పిల్ల వాళ్ల నాయిన భుజం మీద బ్యాగు పడేసి ఉరికేది. నా కండ్లతోని చూసిన నేను," అంది సుమలత. "గా బనియన్ నేనే ముంచిన టీచర్, టీనీళ్లల్ల. ఎంత మంచిగొచ్చిందో అని మా ఆయనకు చూపెట్టి సంబురపడ్డ."

లిస్టు రాసింది నేను. పిల్లలతో కలిసి నవ్విందీ నేనే. అదే మాట ఆమెతో అన్నాను. మా ఇద్దరికీ ఏడుపొచ్చింది. ఒక కూతురు నలుగురిలో నాన్నను కాదంది, ఆ మాట దానితో అనిపించింది మేం. నాలుగు రోజులు పోతే రిపబ్లిక్ డే అయిపోతుంది, డ్రెస్సు సంచిలోకి పోతుంది. ఈ మాట మాత్రం ఆ ఇంట్లో ఉండిపోతుంది. దాన్ని ఎట్లా వెనక్కి తీసుకోవాలో ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు బడి అయ్యాక ఇద్దరం మిల్లు వెనకాలికి వెళ్లాం. వరసగా రేకుల గదులు, ముందు తాళ్ల మీద బట్టలు. రీతాదేవి రెండు స్టూళ్లు తెచ్చి వేసింది, టీ పెట్టింది. జూలీ తలుపు పక్కన నిలబడి మమ్మల్ని చూడనట్టు గోడను గోకుతోంది. మేం నోరు తెరవకముందే రీతాదేవి అంది.

"పేరు తీసెయ్ మేడమ్. జూలీ చెయ్యదు."

"ఆ డ్రెస్సు వద్దమ్మా, వేరేది చేస్త," అంది సుమలత.

రీతాదేవి కాసేపు గ్లాసులు కడిగింది. తెలుగు ఆమెకు కష్టం, మాటలు వెతుక్కుంటూ మెల్లగా అడిగింది.

"తెలంగాణ పిల్లకు ఏం కట్టిన్రు దీదీ?"

"పట్టులంగా. చేతుల బతుకమ్మ," అంది సుమలత.

"మీరు పత్తి ఏరరా? నాట్లు వెయ్యరా?"

"ఏస్తం. మా అమ్మ ఇప్పటికీ నాట్లకు పోతది."

"మరి బురద చీర ఎందుకు కట్టలే?"

సుమలత టీ గ్లాసు కింద పెట్టింది.

"పండుగకు ఎవరన్న పనిబట్టలు కడ్తరా దీదీ? మా దాంట్ల గూడ పండుగ ఉంటది."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మాకు కొంచెం తేలికగా ఉండేది. మాకు పట్టు, వాళ్లకు గోనె, ఇంత చిన్న సంగతి పద్దెనిమిదేళ్లు డ్రెస్సులు కుట్టిన మనిషికీ ఇరవైయేళ్లు పాఠాలు చెప్పిన నాకూ తట్టలేదు. నా ముఖం నేను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

సుమలత స్టూలు మీంచి లేచి వెళ్లి జూలీ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాకు తెల్వక చేసిన బిడ్డా. మీ నాయినను నలుగుర్ల గట్ల చూపెట్టుడు నాదే తప్పు."

జూలీ గోడ గోకడం ఆపింది. "మా నాయిన గట్లనే ఉంటడు గద అక్కా," అంది.

ఆ మాటకు నేనైతే లేచి వచ్చేసేదాన్ని. సుమలత లేవలేదు.

"ఉంటడు, పనికాడ. మా ఆయన ఆటో రిపేరుకు కిందికి దూరితే బొగ్గు లెక్క బయటికొస్తడు. గట్ల నల్లగైతేనే ఆటో నడుస్తది, మా ఇంట్ల పొయ్యి మండుతది. గని మా ఆయనను చూపెట్టుమంటే నేను ఏం చూపెడ్త? పెండ్లి ఫోటో చూపెడ్త. మీ నాయిన పెండ్లి ఫోటో చూసినవా నువ్వు?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. రీతాదేవికి మొదటిసారి నవ్వొచ్చింది. మూలనున్న రేకుపెట్టె తెరిచి, అడుగునుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోటో తీసింది. అందులో పసుపు ధోవతి, తల మీద పూలూ తళుకులూ వేలాడే పెద్ద కిరీటం, మీసం కూడా సరిగా రాని కుర్రాడు బిక్కచచ్చి నిలబడి ఉన్నాడు.

"గిది నాయినా?" అని జూలీ ఫోటో లాక్కుంది. తమ్ముడు కూడా మీద పడ్డాడు. ఇద్దరూ చాలాసేపు ఆ కిరీటం చూసి పడీ పడీ నవ్వారు. ఫోటో కింద ఉన్న పసుపుచీర, ఎర్రంచుది, రీతాదేవి బయటికి తీసి సుమలత ఒళ్లో పెట్టింది.

"నా పెండ్లిది. కత్తెర పెట్టొద్దు."

సుమలత కత్తెర పెట్టలేదు. పెద్దచీరను పదేళ్ల పిల్లకు సరిపెట్టాలంటే లోపలి మడతలు పెట్టి కచ్చా కుట్లు వెయ్యాలి. మూడు రోజులు దానితోనే కూర్చుంది. వేరే బడులవాళ్లు వచ్చి గుమ్మం దగ్గర అరుస్తుంటే కుమారన్న సర్దిచెప్పి పంపాడు. కొంగు కుడి భుజం మీంచి ముందుకు తెచ్చి పరచాలట, రీతాదేవిని రెండుసార్లు పిలిపించుకుని కట్టించి చూసుకుంది. అయినా సుమలతకు ధైర్యం లేదు.

"చీర మంచిగొచ్చింది టీచర్," అంది. "చీర మారిస్తే గా మాట మారుతదా?"

నాకూ తెలియదు. వారమంతా గేటు దగ్గరికి వాళ్ల నాన్న రావడం మానేశాడు. పిల్లల కోసం రీతాదేవే వచ్చింది. ఫోటో చూసి నవ్విన పిల్ల ఆయనతో మాట్లాడిందో లేదో అడిగే మొహం మా ఇద్దరికీ లేదు.

ఇరవయ్యారు పొద్దున జెండా ఎగరేశాక ప్రోగ్రాం మొదలైంది. మిల్లు ఆడవాళ్లు ఆరేడుగురు మంచి చీరలు కట్టుకుని వచ్చి గోడవారగా నిలబడ్డారు. సుమలత వెళ్లి చేతులు పట్టుకుని తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టింది. పంజాబ్ వచ్చింది, కేరళ వచ్చింది, తమిళనాడు హర్షవర్ధన్ వాక్యం మరిచిపోయి నన్ను చూశాడు. జూలీ వచ్చింది.

పసుపుచీరలో ఆ పిల్ల మా బళ్లో చదివే పిల్లలా కాక వాళ్లింట్లో ఎవరిదో పెళ్లికి ముస్తాబైన పిల్లలా ఉంది. "నేను బిహార్‌ను. బుద్ధునికి జ్ఞానం కలిగిన నేల నాది," అని నేను రాసిచ్చినట్టే చెప్పింది. గొంతు వణకలేదు. రీతాదేవి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పక్కనే సుమలత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్లు గుచ్చుకునేంత. ఆమె చూపు స్టేజీ మీద లేదు, గేటు మీద ఉంది.

గేటు బయట వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. సెలవు రోజైనా లారీ వచ్చిందట, లోడు మధ్యలో వచ్చాడు. అదే లుంగీ, అదే బనియన్, ఒళ్లంతా దుమ్ము. లోపలికి రాకుండా, గేటు స్తంభం చాటుకు సగం జరిగి, తల మాత్రం వంచి చూస్తున్నాడు. కూతురికి కనపడకూడదనే ఆ చాటు అని చూసినవాళ్లకు తెలిసిపోయేది.

జూలీ స్టేజీ దిగింది. దిగినవాళ్లు వెనక బెంచీల్లో కూర్చోవాలి, అది నేను పెట్టిన రూలే. జూలీ కూర్చోలేదు. చీర కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తిపట్టుకుని కుర్చీల మధ్యలోంచి గేటు వైపు నడిచింది. మైకులో శాంతి తెలంగాణ గురించి చెబుతోంది, వినేవాళ్లు లేరు, అందరి తలలూ ఇటే తిరిగాయి.

ఆయన కంగారుపడ్డాడు. చీరకు దుమ్ము అంటుతుందని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "జా బేటీ, బైఠ్," అంటున్నాడు, పోయి కూర్చో అని. జూలీ వెనకనుంచి ఆయన చెయ్యి ముందుకు లాగి పట్టుకుంది.

"నాయినా, రా. కుర్చీ ఉంది."

తెలుగులోనే అంది, గట్టిగా, హర్షవర్ధన్ కూర్చున్న బెంచీ దాకా వినబడేట్టు. ఆయన రాలేదు. లారీ ఆగిపోయిందని, డ్రైవరు తిడతాడని చెప్పాడు. చెబుతూనే కళ్లు తుడుచుకున్నాడు, ముఖం మీద తవుడు చారలు కట్టింది.

"ఐతే నేనొస్త," అంది జూలీ.

మా బడి నుంచి మిల్లుకు అరకిలోమీటరు. హైదరాబాద్ రోడ్డు పక్కనుంచే పోవాలి. రిపబ్లిక్ డే కదా, దుకాణాల ముందు, బస్టాండు దగ్గర, జెండాల దగ్గర ఊరంతా రోడ్డు మీదే ఉంది. నేనూ సుమలతా గేటు దగ్గర నిలబడి చూశాం. ఆయన ముందు మామూలు అలవాటున పెద్ద అంగలు వేశాడు. చీరతో పిల్ల అంత వేగంగా నడవలేదు. ఆయన వేగం తగ్గించాడు. పెళ్లిచీర కట్టిన కూతురూ బనియన్ వేసుకున్న నాన్నా పక్కపక్కన, చెయ్యి వదలకుండా, ఊరి నడిమధ్యలోంచి మిల్లుకు నడిచిపోయారు.